నగదు మానేసి ఖర్చు అదుపు చేయడం: అకౌంట్లు విడదీయడం నుంచి వారం లెక్క దాకా

నగదు వాడటం మానేస్తే ఖర్చు దానంతట అదే తగ్గిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నిజానికి పెరిగే అవకాశమే ఎక్కువ. పర్సులోంచి నోటు తీసి అవతలివాళ్ళ చేతిలో పెడుతుంటే మనసు ఎంతోకొంత ఉసూరుమంటుంది. అదే ఫోన్‌లో పిన్ కొట్టి, పచ్చ టిక్ చూసుకుని బయటికి వచ్చేస్తే ఏమీ అనిపించదు, ఎంత ఇచ్చామో కూడా నాలుగు అడుగులు వేసేసరికి మర్చిపోతాం.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. డబ్బు చెల్లించేటప్పుడు కలిగే ఈ బాధ గురించి డ్రేజెన్ ప్రెలెక్, జార్జ్ లోవెన్‌స్టీన్ అనే పరిశోధకులు 1998లోనే వివరంగా రాశారు. ఆ తర్వాత 2001లో ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ కలిసి ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. అమెరికాలో ఎంబీఏ విద్యార్థులకు బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లు వేలం పెట్టి, సగంమందికి నగదు ఇవ్వాలని, మిగతా సగంమందికి క్రెడిట్ కార్డుతో ఇవ్వాలని చెప్పారు. కార్డు వాళ్ళు పాడిన సగటు ధర నగదు వాళ్ళ ధరకి రెట్టింపు దాటింది. టికెట్ అదే, మ్యాచ్ అదే, మారింది చెల్లించే పద్ధతి ఒక్కటే. 2024లో 17 దేశాల్లో జరిగిన పాత పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు కూడా ఇదే ధోరణి కనబడింది, కాకపోతే కాలం గడిచేకొద్దీ, జనం అలవాటు పడేకొద్దీ ఆ తేడా కాస్త తగ్గుతూ వస్తోంది.

మరి నగదు మానేయమని ఎందుకు చెప్తున్నట్టు? నగదుకి రెండు మంచి గుణాలున్నాయి: ఇస్తుంటే బాధేస్తుంది, అయిపోతే అయిపోతుంది. కానీ దానికి జ్ఞాపకశక్తి లేదు. నెల మధ్యలో పర్సు ఖాళీ అయ్యాక ఆ డబ్బంతా ఎటు పోయిందో చెప్పమంటే బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. కార్డుకీ ఫోన్‌కీ జ్ఞాపకం ఉంది, అయిపోయే గుణం మాత్రం లేదు. కాబట్టి మనం చేయాల్సిన పనల్లా ఆ అయిపోయే గుణాన్ని మన చేతులతో అకౌంట్‌లోకి తీసుకురావడమే. కింద చెప్పే ప్రతి అడుగూ దానికోసమే.

మొదటి అడుగు: ఏమీ మార్చకుండా ముందు చూడండి

మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ దింపుకోండి. కార్డులు, వాలెట్ యాప్‌లు ఉంటే వాటివి కూడా. అన్నీ ఒకచోట పెట్టి ప్రతి లైను పక్కన ఒక మాట రాయండి: అద్దె, ప్రయాణం, సరుకులు, మందులు, సరదా, ఎవరికో ఇచ్చింది, గుర్తులేదు. విభాగాలు ఎనిమిది, తొమ్మిది దాటనివ్వకండి. ఇరవై, ముప్ఫై విభాగాలతో రంగురంగుల పట్టిక చేసుకున్నవాళ్ళు రెండోవారానికే దాన్ని వదిలేయడం మామూలు.

ఇక్కడ మీకు ఒక గుంట కనబడుతుంది. ఏటీఎం నుంచి తీసిన మొత్తం ఒకే ఒక్క లైనులో ఉంటుంది, దాని తర్వాత ఏం జరిగిందో ఎక్కడా ఉండదు. మూడు నెలల్లో అలా తీసినదంతా కూడండి. ఆ మొత్తం మీ ఖర్చులో చిన్న ముక్కే అయితే నగదు మీ సమస్య కాదు, నేరుగా రెండో అడుగుకి వెళ్ళొచ్చు. పెద్ద ముక్క అయితే మాత్రం లెక్కాపత్రం లేకుండా పోతున్న డబ్బు అదేనని అర్థం, నగదు మానేయడం వల్ల మీకు దక్కే మొదటి లాభం కూడా అక్కడే ఉంది.

జపాన్‌లో హనీ మొతోకో అనే పాత్రికేయురాలు 1904లో ఇంటి జమాఖర్చుల పుస్తకం ఒకటి ప్రవేశపెట్టారు, కకేబో అంటారు. ఇప్పటికీ ఆ పద్ధతి వాడేవాళ్ళున్నారు. చేత్తో రాయడమే అందులో కీలకం. యాప్ దానంతట అదే విభాగాలు చేసి గీతలు గీసి చూపిస్తే మనం ఓ చూపు చూసి పక్కన పెట్టేస్తాం, మన చేత్తో రాస్తే అంకె బుర్రలోకి దిగుతుంది. మూడు నెలల లైన్లు రాయడం విసుగే, నిజమే. ఒక్కసారికి భరించండి.

రెండో అడుగు: అకౌంట్లు విడదీయండి

మొత్తం పద్ధతిలో ముఖ్యమైనది ఇదే. మిగతావన్నీ చేసి ఇది చేయకపోతే ఫలితం ఉండదు, మిగతావి సగం సగం చేసి ఇదొక్కటి గట్టిగా చేసినా ఎంతోకొంత ఉంటుంది.

ఒకే అకౌంట్‌లో జీతం పడుతూ, అద్దె పోతూ, పొదుపు ఉంటూ, రోజువారీ ఖర్చులు కూడా జరుగుతుంటే ఫోన్ తెరిచిన ప్రతిసారీ పెద్ద అంకె కనబడుతుంది. ఆ అంకెలో సగానికి పైగా ఇప్పటికే వేరేవాళ్ళ సొత్తు, ఇంటి యజమానిది, అప్పు ఇచ్చినవాళ్ళది, కరెంటు బిల్లుది. కానీ కంటికి అదంతా మన డబ్బులాగే కనబడుతుంది, చేయి జారుతుంది.

అందుకని కనీసం రెండు, వీలైతే మూడు:

ఆదాయం, బిల్లుల అకౌంట్. జీతమో, వ్యాపారంలో వచ్చిందో ముందు ఇందులో పడాలి. అద్దె, కిస్తీలు, బీమా, ఫోన్, ఇంటర్నెట్, నెలవారీ చందాలు అన్నీ ఇందులోంచే పోవాలి. దీని కార్డు ఇంట్లో ఉండాలి, దీన్ని ఏ చెల్లింపు యాప్‌కీ తగిలించకూడదు.

ఖర్చు అకౌంట్. బయట తిరిగేటప్పుడు మీ ఫోన్‌కీ, జేబులోని కార్డుకీ తగిలించి ఉండేది ఇదొక్కటే. వారానికి ఒకసారి ఇందులో కొంత పడుతుంది, అది అయిపోతే అయిపోయినట్టే.

మూడోది పొదుపు, అనుకోని ఖర్చులకి. ఇది వేరే బ్యాంకులో ఉంటే మంచిది. అదే యాప్‌లో పక్కనే ఉంటే రెండు నొక్కుల్లో ఖర్చు అకౌంట్‌లోకి తెచ్చేసుకుంటాం, అలా తెచ్చుకోవడానికి మనకి ఎప్పుడూ ఒక గొప్ప కారణం దొరుకుతుంది.

రెండో అకౌంట్ తెరవడం కుదరకపోతే, లేదా కనీస నిల్వ పేరుతో బ్యాంకు రుసుం వేస్తుంటే, డబ్బు నింపుకుని వాడే ప్రీపెయిడ్ కార్డో వాలెట్టో సరిపోతుంది. తీసుకునే ముందు మూడు విషయాలు చూడండి: నింపడానికి రుసుం ఉందా, కొన్నాళ్ళు వాడకపోతే కోత ఉందా, మిగిలిన డబ్బు మళ్ళీ బ్యాంకుకి పంపుకోవచ్చా. మూడోదానికి కుదరదని సమాధానం వస్తే వేరేది వెతకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఖర్చు అకౌంట్‌కి ఓవర్‌డ్రాఫ్ట్, అంటే డబ్బు అయిపోయినా బ్యాంకు అప్పుగా ఇచ్చే సదుపాయం, ఉంటే తీయించేయండి. బ్యాలెన్స్ తగ్గితే వేరే అకౌంట్ నుంచి దానంతట అదే నింపుకునే ఏర్పాటు చాలా బ్యాంకుల్లో, వాలెట్లలో ఉంటుంది, దాన్ని ఆపేయండి. అడుగు లేని అకౌంట్ పెట్టుకుని ఖర్చు అదుపు చేయాలనుకోవడం చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. చెల్లింపు తిరస్కరించబడాలి, అక్కడ కాస్త ఇబ్బంది పడాలి. ఆ ఇబ్బంది కోసమే కదా ఇదంతా.

మూడో అడుగు: వారానికి ఎంత?

నెలకి కాదు, వారానికి. నెల చాలా పొడుగు. మొదటివారంలో పదిరోజుల డబ్బు ఖర్చుపెట్టి తర్వాత సర్దుకుందాంలే అనుకునే వెసులుబాటు నెలలో ఉంటుంది, వారంలో ఉండదు. రోజువారీ హద్దు పెట్టుకుంటే మరీ ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది, ఒకరోజు ఏమీ కొనం, మర్నాడు వారం సరుకులు కొంటాం, లెక్క కుదరదు.

లెక్క ఇలా వేయండి. నెల ఆదాయాన్ని 100 భాగాలు అనుకుందాం. తప్పనిసరి బిల్లులు 50. పొదుపు 15. ఏడాదికోసారి వచ్చే ఖర్చులు, అంటే బీమా, ఫీజులు, పన్నులు, మరమ్మతులు, పెళ్ళిళ్ళ కానుకలు లాంటివి, మొత్తం కూడి 12తో భాగిస్తే 10 అనుకోండి. మిగిలింది 25. ఇదీ మీ నెల ఖర్చు డబ్బు.

ఇప్పుడు చాలామంది దీన్ని 4తో భాగించి వారానికి 6.25 పెట్టుకుంటారు. పప్పులో కాలేసేది ఇక్కడే. నెలకి నాలుగు వారాలు కాదు, నాలుగు వారాల పైన రెండు మూడు రోజులుంటాయి, ఏడాదికి 52 వారాలు. వారానికి 6.25 చొప్పున ఏడాదికి 325 అవుతుంది, మీ దగ్గర ఉన్నది 300. అంటే ఏడాది తిరిగేసరికి ఒక పూర్తి నెల ఖర్చు డబ్బు అదనంగా పోయింది, ఎక్కడ పోయిందో కూడా తెలియదు. సరైన లెక్క: 25ని 12తో గుణించి 52తో భాగించాలి. 5.77 వస్తుంది. దాన్ని కిందికి దించి 5.5 చేసుకోండి, ఏడాదికి 286 అవుతుంది, మిగిలిన 14 రెండు వారాలకి పైగా సరిపోయే డబ్బు, గడ్డు వారాలకి అక్కరకొస్తుంది.

ఆ ఏడాదికోసారి వచ్చే ఖర్చుల సంగతి మాత్రం వదిలేయకండి. నగదు మానేసినా లెక్క తప్పేది ఎక్కువగా అక్కడే. బీమా కట్టాల్సిన నెలలో ఖర్చు అకౌంట్‌లోంచి తీసి కట్టేసి, ఇది అనుకోని ఖర్చు అంటారు. తేదీతో సహా ముందే తెలిసిన ఖర్చు అనుకోనిది ఎలా అవుతుంది?

మరి ఆ 5.5 అనే అంకె మీ మొదటి అడుగులో తేలిన అసలు ఖర్చుతో పోలిస్తే ఎలా ఉంది? మీరు ఇప్పుడు వారానికి 9 ఖర్చు పెడుతూ ఉంటే ఒక్కసారిగా 5.5కి దిగడం కష్టం, రెండోవారానికే విసిగి అంతా మానేస్తారు. నెలకి ఒకటి చొప్పున దించుకుంటూ రండి. ఈలోగా పొదుపు కాస్త తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఏ రోజు నింపాలి? జీతం వచ్చిన రోజు కాదు. మీరు ఎక్కువ ఖర్చు పెట్టే రోజులు ఏవో స్టేట్‌మెంట్‌లో కనబడుతుంది, అవి అయిపోయిన మర్నాడు నింపండి. శని, ఆదివారాలు మీ చేయి ఆగదనుకోండి, సోమవారం నింపాలి. అప్పుడు వారాంతానికి చేరేసరికి అకౌంట్‌లో మిగిలిందే ఉంటుంది. శుక్రవారం నింపితే సోమవారానికే ఖాళీ. బ్యాంకు యాప్‌లో వారానికోసారి దానంతట అదే బదిలీ అయ్యే ఏర్పాటు పెట్టేయండి, ప్రతిసారీ చేత్తో చేస్తే ఏదో ఒక వారం చేయి కాస్త బరువుగా పడుతుంది.

నాలుగో అడుగు: ఫోన్‌ని కాస్త ఇబ్బందిగా మార్చండి

కొనడం సులువు చేయడం వెనక పెద్ద వ్యాపారం ఉంది. ఒక్క నొక్కుతో కొనే పద్ధతికి అమెజాన్ 1999లో పేటెంట్ తీసుకుని 2017లో గడువు తీరేదాకా కాపాడుకుంది. చిరునామా, కార్డు నంబరు మళ్ళీ మళ్ళీ కొట్టాల్సిన ఆ అర నిమిషంలో జనం మనసు మార్చుకుంటారని అమ్మేవాళ్ళకి బాగా తెలుసు. మనకి ఆ అర నిమిషం వెనక్కి కావాలి.

కొనుగోలు సైట్లలో, యాప్‌లలో దాచిపెట్టిన కార్డు వివరాలన్నీ తీసేయండి. బ్రౌజర్‌లో దాచినవి కూడా, అది చాలామంది మర్చిపోతారు. తర్వాత ప్రతి లావాదేవీకి నోటిఫికేషన్ వచ్చేలా పెట్టుకోండి, అందులో ఖర్చయిన మొత్తంతో పాటు మిగిలిన బ్యాలెన్స్ కూడా కనబడాలి. మీ బ్యాంకు బ్యాలెన్స్ చూపించకపోతే యాప్ తెరిచి చూడటం అలవాటు చేసుకోండి, అదీ చెల్లించిన తర్వాత కాదు, చెల్లించే ముందు. వరుసలో నిలబడి ఉండగా చూస్తే చాలు. పర్సు తెరిచినప్పుడు ఎన్ని నోట్లు మిగిలాయో కంటికి కనబడేది కదా, దానికి బదులు ఇది.

రోజుకి ఇంతకు మించి పోకుండా కార్డుకి లిమిట్ పెట్టే వీలుంటే పెట్టండి. తాకిస్తే చాలు డబ్బు పోయే సదుపాయం ఖర్చు అకౌంట్ కార్డుకి ఉన్నా ఫరవాలేదు, మిగతా కార్డులకి ఆపేయండి. కొత్త సరుకు వచ్చింది, ధర తగ్గింది అంటూ వచ్చే నోటిఫికేషన్లు ఎలాగూ అనవసరమే, వాటి గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కొని తర్వాత కట్టండి అనే సదుపాయం ఏ యాప్‌లో ఉన్నా మూసేయండి. ఇది నా పట్టుదల అనుకోండి. చిన్న చిన్న వాయిదాలు నాలుగైదు ఒకేసారి నడుస్తుంటే ఏ వారానికి ఎంత కట్టాలో మనకే తెలియదు, వారం హద్దుకి అర్థం లేకుండా పోతుంది.

క్రెడిట్ కార్డుని ఏం చేయాలి?

అమెరికాలో డైనర్స్ క్లబ్ అనే చెల్లింపు కార్డు 1950లో మొదలైనప్పుడు నెలాఖరుకి మొత్తం కట్టేయాల్సిందే. 1958లో వచ్చిన బ్యాంక్‌అమెరికార్డ్ కొంత కట్టి మిగతాది వడ్డీతో తర్వాత కట్టుకునే వీలు తెచ్చింది, ఈ రోజుల్లో కనీస మొత్తం కడితే చాలు అని కనబడే లైను ఆ దారిలోంచి వచ్చిందే. ఆ లైను చదవడానికి దయగా ఉంటుంది. నెలకి 3 శాతం వడ్డీ అంటే వినడానికి చిన్నదే, కానీ చక్రవడ్డీ లెక్కన ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఇంత వడ్డీ కడుతూ పక్కన పొదుపు చేస్తున్నాం అనుకోవడం భ్రమ. బాకీ ఉంటే ముందు అది తీర్చండి, పొదుపు పెట్టాలనుకున్న 15 కూడా అటే పంపండి.

బాకీ లేదు, ప్రతినెలా పూర్తిగా కట్టేస్తున్నాను అంటారా? అయినా రోజువారీ ఖర్చుకి మాత్రం వద్దంటాను. కారణం వడ్డీ కాదు. క్రెడిట్ కార్డులో కనబడే అంకె ఎంత మిగిలిందో చెప్పదు, ఎంత దాకా అప్పు చేయొచ్చో చెబుతుంది. ఆ రెండూ ఒకటి కాదు. కార్డు బతికి ఉండాలనుకుంటే ఏదో ఒక స్థిరమైన నెలవారీ బిల్లు దానిమీద పెట్టి, పూర్తి మొత్తం బిల్లుల అకౌంట్ నుంచి దానంతట అదే కట్టేలా చేసి, కార్డుని సొరుగులో పడేయండి. పాయింట్లు, క్యాష్‌బ్యాక్ పోతాయని బాధపడేవాళ్ళు ఒక్కటి లెక్కేసుకోండి: 1 శాతం వెనక్కి రావడానికి 5 శాతం ఎక్కువ ఖర్చు పెట్టారంటే లాభం ఎవరికి?

ఐదో అడుగు: ప్రతి చెల్లింపుకీ ఒక మాట

స్టేట్‌మెంట్‌లో దుకాణం పేరు మనకి తెలిసిన పేరులా ఉండదు. బోర్డు మీద ఒక పేరుంటే బ్యాంకులో నమోదైన సంస్థ పేరు ఇంకోటి ఉంటుంది, కొన్నిసార్లు ఏ పేరూ ఉండదు, చెల్లింపు నడిపించే కంపెనీ పేరు మాత్రమే ఉంటుంది. రెండువారాల తర్వాత చూస్తే అది దేనికో గుర్తురాదు. జ్ఞాపకం ఉంటుందనే కదా నగదు మానేశాం, ఆ జ్ఞాపకం మసకబారితే లాభమేంటి?

చెల్లించేటప్పుడు యాప్‌లో చిన్న గమనిక రాసే చోటు ఉంటే ఒక్క మాట రాయండి. మందులు. బహుమతి. విసుగొచ్చి కొన్నది. ఆ చివరిది సరదాకి చెప్పడం లేదు. దేనికి అనేదానికన్నా ఎందుకు అనేది రాస్తే ఎక్కువ పనికొస్తుంది. రాసే చోటు లేకపోతే ఫోన్ నోట్స్‌లో రాసుకోండి, అదీ కుదరకపోతే సాయంత్రం ఒకసారి నోటిఫికేషన్లు తెరిచి చూడండి.

వారానికోసారి, నింపే రోజుకి ముందు రాత్రి, పావుగంట కూర్చుని ఆ వారం లైన్లన్నీ చదవండి. ప్రతిదాని పక్కన ఒక గుర్తు: మళ్ళీ అవకాశం వస్తే ఇదే కొంటాను, కొనను. అంతే. కొనను అని గుర్తు పెట్టినవి కూడి ఒక అంకె రాసుకోండి. మొత్తం ఖర్చు తగ్గించాలని గింజుకోవడం కన్నా ఈ ఒక్క అంకెని తగ్గించడం తేలిక, పైగా ఇష్టమైనవి వదులుకోవాల్సిన పని ఉండదు. కడుపు మాడ్చుకునే పొదుపు ఎక్కువ కాలం నిలవదు.

భార్యాభర్తలు ఒకే ఖర్చు అకౌంట్ వాడుతుంటే ఈ పావుగంట ఇద్దరూ కలిసి కూర్చోవాలి. అయితే ప్రతి లైనుకీ సంజాయిషీ అడిగే సమావేశంలా మారితే మూడోవారం నుంచి ఎవరో ఒకరు రహస్యంగా నగదు వాడటం మొదలుపెడతారు. ఇద్దరికీ తలా కొంత, లెక్క చెప్పక్కర్లేని డబ్బు విడిగా పెట్టండి.

లెక్క తప్పించే చిన్న చిన్న విషయాలు

నలుగురు కలిసి ఖర్చుపెట్టి ఒకరు కట్టి తర్వాత పంచుకునేటప్పుడు మీ వాటా కన్నా ఎక్కువ పోయి, తర్వాత మెల్లగా వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చింది కొత్త డబ్బులా కనబడుతుంది, ఆ వారం హద్దు పెరిగినట్టు అనిపిస్తుంది. అది వచ్చింది నిన్నటి డబ్బే. పద్దులో పాత ఖర్చులోంచి కొట్టేయండి, మిగిలితే పొదుపుకి పంపేయండి. సరుకు వాపసు చేస్తే వచ్చే రిఫండ్ కూడా ఇంతే, అది రావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ఈ వారం దాన్ని నమ్ముకుని ఇంకోటి కొనకండి.

హోటళ్ళు, అద్దె కార్లవాళ్ళు, కొన్నిచోట్ల పెట్రోలు బంకులు అసలు బిల్లు కన్నా ఎక్కువ మొత్తాన్ని మీ అకౌంట్‌లో, మీరు వాడుకోలేకుండా, కొన్నాళ్ళు ఆపి ఉంచుతారు. వారం డబ్బు మాత్రమే ఉన్న అకౌంట్‌లో ఇది పెద్ద దెబ్బ, కాబట్టి ప్రయాణాలకి ముందే వేరేగా డబ్బు వేసుకోండి.

నెలవారీ చందాలు. ఖర్చు అకౌంట్ మీద ఒక్క ఆటోపే కూడా ఉండకూడదు, అన్నీ బిల్లుల అకౌంట్‌కి మార్చండి. మార్చే క్రమంలో సగం రద్దు చేస్తారు, అది వేరే సంగతి. ఉచితంగా చూడండి అని మొదలుపెట్టినవాటికి గడువుకి రెండురోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. కార్డు బ్లాక్ చేస్తే చందా ఆగిపోతుందనుకోవద్దు. చెల్లింపు ఆగుతుందేమో గానీ ఒప్పందం ఆగదు, బాకీ ఉన్నట్టు నోటీసు రావొచ్చు. ఆ సేవ ఇచ్చేవాళ్ళ దగ్గరే రద్దు చేయండి.

ఎవరైనా మీకు నగదు ఇస్తే, అప్పు తీర్చినదో బహుమతో, అది జేబులో ఉంచుకోకండి. మొదటి అవకాశంలో బ్యాంకులో వేయండి. జేబులో ఉన్నది లెక్కలోకి రాని డబ్బు, లెక్కలోకి రానిదే ముందు ఖర్చవుతుంది.

పూర్తిగా నగదు లేకుండా ఉండకండి

శీర్షికకి ఇది విరుద్ధంగా ఉందని నాకూ తెలుసు. 2022 జూలై 8న కెనడాలో రోజర్స్ అనే టెలికాం సంస్థ నెట్‌వర్క్ పడిపోతే ఇంటెరాక్ అనే అక్కడి చెల్లింపుల వ్యవస్థ మీద నడిచే డెబిట్ చెల్లింపులు దేశమంతా నిలిచిపోయాయి. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్‌లో కరెంటు పోయినప్పుడు కార్డు యంత్రాలు చాలాచోట్ల పనిచేయలేదు, జేబులో నోట్లున్నవాళ్ళే కావాల్సినవి కొనుక్కోగలిగారు. అంత పెద్దది జరగక్కర్లేదు, రాత్రిపూట ఫోన్ చార్జింగ్ అయిపోయి దారిలో నిలబడితే చాలు.

రెండు మూడు రోజుల అవసరాలకి సరిపడా నగదు ఒక కవరులో పెట్టి అంటించి ఇంట్లో ఉంచండి, ఇంటికి చేరడానికి సరిపడా ఇంకొంత బయటికి వెళ్ళే సంచిలో. అంటించడం ఎందుకంటే, విప్పాలంటే చించాలి, చించేముందు ఇది నిజంగా అవసరమా అని ఆలోచిస్తాం. వాడితే ఆ వారంలోనే మళ్ళీ నింపండి, అదీ వారం డబ్బులోంచి. అలాగే వేరే బ్యాంకు కార్డు ఒకటి దగ్గర ఉంచుకోండి, ఒక బ్యాంకు సర్వర్ పనిచేయకపోయినా రెండోది పనిచేస్తుంది.

నగదు మాత్రమే తీసుకునేవాళ్ళు మీ జీవితంలో ఉంటారు. ఫోన్ వాడటం రాని పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటారు. వాళ్ళని మార్చే పని పెట్టుకోవద్దు. వారానికోసారి వాళ్ళకి ఇవ్వాల్సిన మొత్తం ఒకేసారి తీసి, పద్దులో ఒకే లైనుగా రాసి, ఇచ్చేసి ఊరుకోండి.

భద్రత గురించి క్లుప్తంగా: డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, ఎవరైనా డబ్బు పంపుతాం పిన్ కొట్టండి అన్నారంటే అది మోసమే. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక తెర మీద వచ్చే పేరు చదివి, ఆ తర్వాతే నొక్కండి. వారం డబ్బు మాత్రమే ఉన్న అకౌంట్‌ని ఫోన్‌కి తగిలించడంలో ఇంకో లాభం కూడా ఉంది, ఫోన్ పోయినా, ఎవరి చేతిలోనైనా మోసపోయినా ఆ అకౌంట్ నుంచి పోయేది ఆ కాస్తే. అలాగే మీ ప్రతి కొనుగోలు వివరం బ్యాంకుకీ యాప్ కంపెనీకీ తెలుస్తుందన్నది మర్చిపోకండి. ఎవరికీ తెలియక్కర్లేదనుకున్న కొనుగోలుకి నగదు వాడుకునే హక్కు మీకు ఉంది, పద్దులో సొంతం అని రాసుకోండి చాలు.

గురువారానికే డబ్బు అయిపోతే

అయిపోతుంది. మొదటి నెలలో తప్పకుండా ఒక వారమైనా అవుతుంది. అప్పుడు పొదుపులోంచి తీసుకోవద్దు, క్రెడిట్ కార్డు సొరుగులోంచి బయటికి రావద్దు. ముందు చూడాల్సింది, మిగిలిన రోజులు ఏమీ కొనకుండా గడిచిపోతాయా అని. చాలాసార్లు గడిచిపోతాయి, ఇంట్లో ఉన్నవాటితో సర్దుకుంటాం. నిజంగా కుదరకపోతే వచ్చేవారం డబ్బులోంచి కొంత ముందే తెచ్చుకోండి, ఎంత తెచ్చారో రాసి, వచ్చేవారం అంత తగ్గించి నింపండి. రెండు వారాలు వరసగా ఇలా తెచ్చుకోవాల్సి వస్తే ఆగి చూడండి: ఒకటే విభాగం మళ్ళీ మళ్ళీ తినేస్తోందా, లేక అన్నీ కలిసి తడిసి మోపెడవుతున్నాయా?

అన్నీ కలిసి అవుతుంటే మీరు వేసుకున్న అంకె తప్పు. మూడో అడుగుకి వెళ్ళి మళ్ళీ లెక్కేయండి, బిల్లుల్లో ఏదో తగ్గించాలి లేదా పొదుపు తగ్గించాలి, వేరే దారి లేదు. ఒకే విభాగం అయితే దానికి మాత్రం నగదు మళ్ళీ తెచ్చుకోండి. మూడు నెలలు ఇలా ప్రయత్నించినా సరదాలకి చేయి ఆగడం లేదనుకుందాం, ఆ ఒక్కదానికి వారం మొదట్లో నోట్లు తీసుకుని, ఆ నోట్లతోనే కొనండి, మిగతావన్నీ ఫోన్‌తోనే నడవనివ్వండి. వారం చివర ఆ నోట్లలో ఏమైనా మిగిలితే వచ్చేవారం అంత తక్కువ తీయండి.